తుమ్మబెరడు రంగు

హ్యూవాన్ నది ఒడ్డున పడవకు రంగు పట్టించేవాణ్ణి జనం అనుమానంగా చూస్తారు. ఆ లోయలో దొరికే హ్యూవాన్ పైన్ చెక్క వెన్నలా పచ్చగా ఉంటుంది, ఎన్నేళ్లు నీళ్లలో నానినా కుళ్లదు. దానికి రంగెందుకు? పూశాడంటే నాసిరకం చెక్కను దాస్తున్నట్టే లెక్క. క్లారీ హాబ్‌డెన్ తండ్రి సరిగ్గా ఆ పనే చేశాడు, అదీ నలుగురూ చూస్తుండగా. రంపపు మిల్లులో పనిచేస్తూ, అక్కడ పారేసిన రకరకాల చెట్ల పలకలు ఇంటికి మోసుకొచ్చి పడవ కట్టాడు. చేపల వలలు కుళ్లకుండా పట్టించే నల్లతుమ్మ బెరడు కషాయాన్నే గుడ్డతో వాటికీ రుద్దాడు. ఆ దెబ్బతో పలకలన్నీ ఒకే చెట్టు బిడ్డల్లా కలిసిపోయాయి.

క్లారీ, అతని అక్క థెల్మా ఆ పడవలోనే అవతలి ఒడ్డున ఉన్న బడికి వెళ్లేవారు. తెడ్లు థెల్మావి, అడుగున చేరిన నీళ్లు తోడే డబ్బా క్లారీది. పొగమంచు కమ్మితే ఒడ్డు కనపడేది కాదు. ఇంటి దగ్గర కుక్క ఎటు మొరుగుతుంటే అటు తిప్పేది థెల్మా. తల్లి జబ్బుపడ్డ ఏడాది పడవను అమ్మేశారు. కొన్నవాడు దానికి తెల్ల పెయింటు కొట్టించాడని విని థెల్మా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇదంతా అరవై ఏళ్ల కిందటి మాట. కిందటి వేసవి చివర్లో కళ్ల డాక్టరు థెల్మాకు చూపు మధ్యలోంచి చెరిగిపోతోందని, ఇంకో ఏడాది నిలిస్తే గొప్పేనని చెప్పాడు. తిరిగొస్తూ కారులో ఆమె ఒక్కటే కోరింది.

"నాన్న పడవ రంగు ఇంకొక్కసారి చూడాలనుందిరా, క్లారీ."

క్లారీ నలభై ఏళ్లు ఆపిల్ పళ్ల లారీలు తోలినవాడు. అవుననో కాదనో తేల్చి చెప్పడం అతనికి చేతకాదు. మర్నాడు షెడ్డు ఖాళీ చేసి, మిల్లు నుంచి పాత పలకలు తెచ్చుకున్నాడు. చలికాలం వచ్చేసరికి పడవ తయారైంది. రంగే మిగిలింది. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

కూలిపోయిన తుమ్మచెట్టు బెరడు ఒలిచి, కోసిన ఇనప డ్రమ్ములో వేసి పొద్దస్తమానం కాచాడు. నమూనా పలకకు పట్టించి చూస్తే సిరాలా నల్లగా తేలింది. ఇనుము తగిలితే తుమ్మ కషాయం నల్లబడుతుందని వలలు కాచినవాళ్లందరికీ తెలుసు. కానీ వాళ్లంతా ఇప్పుడు చర్చి వెనక సమాధుల్లో పడుకుని ఉన్నారు. ఆదివారం ఆ పలక చూసి థెల్మా పగలబడి నవ్వింది.

"పడవ కడుతున్నావా, శవపెట్టా? నాన్న రాగి కాగులో కాచేవాడు. అమ్మ దుప్పట్లు ఉడకేసుకునే కాగులో. దాని మీద వాళ్లిద్దరికీ ఎంత గొడవయిందో మర్చిపోయావా?"

క్లారీ ఎక్కడెక్కడో తిరిగి రాగి కాగు సంపాదించాడు. పొయ్యి పొగకు పక్కింటి రెగ్ కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం క్లారీ, సూపా?"

"అయినా నీకు పెట్టనులే."

"హ్యూవాన్ పైన్ పలకలు ఊరికే ఇస్తానన్నాను. ఈ రంగుల బాధే ఉండేది కాదు."

"రంగు కోసమే పడవ కడుతున్నా రెగ్. పడవ కోసం రంగు కాదు."

రెగ్‌కు ఏమర్థమైందో గానీ, ఆ తర్వాత కాగు కిందకి ఎండుకట్టెలు తెచ్చి పడేస్తుండేవాడు.

ప్రతి ఆదివారం కొత్త పలకతో క్లారీ అక్క ఇంటికి వెళ్లేవాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని పెదవి విరిచేది. ఒకసారి ఎరుపెక్కువంది. ఒకసారి టీ నీళ్లలా ఉందంది. ఇంకోసారి అంతా బానే ఉంది గానీ ప్రాణం లేదంది. తర్వాత టీ, వేడి స్కోన్ రొట్టెలు, వాటితోపాటు పాత కబుర్లు. పొగమంచులో కుక్క అరుపు మాట వస్తే క్లారీ దాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పించుకునేవాడు. ఆ రోజులంటే అతనికి అంత ప్రేమ ఉందని ఆ కబుర్ల దాకా అతనికే తెలియదు. ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి రాజేసేవాడు.

వసంతంలో ఒక ఆదివారం సంచిలో రెండు పలకలు తీసుకెళ్లాడు. ఒకటి రంగు పట్టించింది, రెండోది పక్కన పెట్టి పోల్చడానికి తెచ్చిన ఉత్త పలక. కోటు విప్పుతూ చేతికందింది తీసి ఆమెకిచ్చాడు. థెల్మా కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఇదేరా. అచ్చం నాన్న రంగు."

క్లారీ తలెత్తి చూశాడు. ఆమె చేతిలో ఉన్నది పాలిపోయిన ఉత్త పలక.

"ఎప్పట్నుంచి కనపడట్లేదు?" అన్నాడు.

థెల్మా పలకను బల్ల మీద పెట్టింది. "అంటే ఇది కాదన్నమాట. చలికాలం నడిమి నుంచి. వెలుగు తెలుస్తుంది, రంగులు పోయాయి."

"మరి ఎరుపెక్కువ, ప్రాణం లేదు అన్నావు?"

"ఏదో ఒకటి అనాలిగా. సరిపోయిందంటే నీ పడవ పూర్తవుతుంది. ఆదివారాలు రావడం మానేస్తావు."

క్లారీకి ముందు కోపమొచ్చింది. సగం చలికాలం పొగ తాగింది ఇందుకా అనిపించింది. ఆ వెనకే దుఃఖం వచ్చి కోపాన్ని మింగేసింది. చూస్తుందని కట్టిన పడవను ఆమె ఇక చూడదు.

"మరి ఇవాళ సరేనన్నావే?"

"నీ దగ్గు వినపడుతోందిరా. ఆ పొయ్యి ఇంక చాలు."

అతను సంచిలోంచి రంగు పట్టించిన పలక తీసి వెలుగులో పెట్టాడు. అది తండ్రి పడవ రంగో కాదో ఇక తేల్చాల్సింది అతనే.

"కుదిరింది, థెల్మా."

"ఎలా ఉంది?"

"పొద్దున్నే నువ్వు తెడ్డెత్తితే నీళ్లు కారి అంచంతా తడిసేది చూడు. ఆ తడిసిన చోట ఉండే రంగు."

ఆమె తలూపింది. "అయితే అయిపోయినట్టే."

"ఎక్కడైంది? ఇంకా వార్నిష్ ఉంది. వారానికొక పూత. పూతకీ పూతకీ మధ్య నున్నగా రుద్దాలి. నున్నబడిందో లేదో నా మొద్దు వేళ్లకి తెలిసి చావదు. ఆదివారం వచ్చి నిన్ను షెడ్డుకి తీసుకెళ్తా, తడిమి చెబుదువుగాని."

థెల్మా మొహం పక్కకు తిప్పుకుంది. కప్పులోకి టీ వంచుతుంటే కొంచెం సాసరులో ఒలికింది.

"ఎన్ని పూతలు?"

"ఏడు."

"నాన్నైతే పది వేసేవాడు."

రెండో పూతకే వార్నిష్ డబ్బా ఖాళీ అయితే తండ్రి చేతులు దులుపుకున్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"సరే, పదే," అన్నాడు క్లారీ.