ఏడో ఎక్కం, ఎనిమిది చొక్కాలు

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరక్క అనేవారు. చేతిలో కత్తెర ఉంటే ఆమెకు జంకూ గొంకూ ఉండేవి కావు. ఎంత ఖరీదైన గుడ్డనైనా చెయ్యి వణక్కుండా కోసేది. అలాంటి మనిషిని కూతురి ఏడో ఎక్కం మూడు చెరువుల నీళ్లు తాగించింది.

పిల్లకు ఎక్కం రాక కాదు. మొదలుపెడితే గడగడా అప్పజెప్పేది. మధ్యలో ఆపి "ఏడు ఎనిమిదులు?" అంటే మాత్రం మళ్లీ "ఏడు ఒకట్లు ఏడు" నుంచి బండి కట్టేది. టైలరక్క కసిరింది, పదేపదే వల్లె వేయించింది. చివరికి లెక్కల పుస్తకం తీస్తే చాలు, పిల్లకు కడుపునొప్పి వచ్చేది.

"ట్యూషన్‌లో వేద్దామా?" అన్నాడు భర్త.

"ఎందుకూ, నేను లేనా? నేను చెప్పిన తీరే బాగాలేదు. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టమా ఏం?" అందామె.

ఆ సాయంత్రం బడిపిల్లల చొక్కాలు కుట్టడం పూర్తయింది. ఒక్కోదానికి ఏడు గుండీలు పెట్టాలి. టైలరక్క చొక్కాలను చాప మీద వరసగా పరిచి, గుండీల డబ్బా కూతురి ముందుంచింది.

"అమ్మలూ, ఈ ఎనిమిది చొక్కాలకూ ఎన్ని గుండీలు కావాలో చూడవే."

"ఏడు ఒకట్లు ఏడు..."

"ఆగాగు. ఐదు చొక్కాలకెన్నో వచ్చా?"

"ఓ, ముప్పై ఐదు."

"అయితే ఆ ఐదూ పక్కన పెట్టెయ్. ఇంకెన్నున్నాయి?"

"మూడు. వాటికి ఇరవై ఒకటి." పిల్ల పెదవులు కదిలాయి. "యాభై ఆరు! అంతేనా అమ్మా?"

"నన్నడుగుతావేం? గుండీలు పెట్టి చూస్కో."

పిల్ల తల్లిని చెయ్యి పెట్టనివ్వలేదు. అన్ని చొక్కాల మీదా తనే గుండీలు పేర్చి, మొత్తం లెక్కపెట్టి చప్పట్లు కొట్టింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "తొమ్మిది చొక్కాలైతే పదింటికి డెబ్భై, ఒకదానివి తీసేస్తే అరవై మూడు" అంది. ఈలోగా వేరే గుడ్డ పెట్టుకుని మిషను తొక్కుతున్న టైలరక్క కాళ్లు ఆగిపోయాయి. ఆ దారి ఆమె చెప్పలేదు. పిల్ల సొంతంగా పట్టుకుంది.

ఆ తర్వాత పిల్లను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఓ ఉదయం గడ్డం గీసుకుంటున్న తండ్రిని నిలేసింది.

"నాన్నా, పన్నెండు ఎనిమిదులు?"

"ఉండవే, తెగుద్ది!"

"పది ఎనిమిదులు ఎనభై, రెండు ఎనిమిదులు పదహారు. ఇప్పుడు చెప్పు!"

తండ్రి నురగ మొహంతో వంటగదివైపు చూశాడు. "అటు చూడకు, కాపీ కొట్టనివ్వను" అంది టైలరక్క లోపలినుంచి నవ్వుతూ.