మెట్లెక్కని పెట్టె

ఆ ఏడు వానలకు పెనుకొండలో మా అవ్వ ఇంటి మిద్దె బాగా కురిసింది. అప్పటికి నేను హిందూపురంలో టీచరుగా చేరి, ఒక పాత ఇంట్లో పైభాగం బాడుగకు తీసుకుని ఉన్నాను. అమ్మ పోయినాక నన్ను పెంచింది అవ్వే. నాతో వచ్చెయ్యమని అడిగితే, "వస్తాలే. పెట్టె కూడా వస్తాది" అంది.

ఆ పెట్టె చేత్తో పట్టుకుపోయేది కాదు. చిన్న మంచమంత పొడవు, మోకాళ్లకు పైదాకా ఎత్తు. టేకు కొయ్య నల్లబడి నిగనిగలాడుతుంటుంది. ముందు పలక మీద ఎదురెదురుగా రెండు చిలుకలు, నడుమ తామరపువ్వు చెక్కి ఉంటాయి. మూలలకు ఇత్తడి రేకులు. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు దాన్ని ఎడ్లబండిలో వెంట తెచ్చుకుంది. పట్టుచీరలు, ఇత్తడి సామాన్లు, పండగ దీపాలు అన్నీ అందులోనే. చుట్టాలు ఎక్కువైతే దాని మీదే పక్క వేసేవాళ్లు. నేను ఎక్కాలు అప్పజెప్పింది దాని మీద కూర్చునే.

టెంపో మాట్లాడాను. బరువు తగ్గాలని సామానంతా మూటలు కట్టి, ఖాళీ పెట్టెను వెనక ఎక్కించారు.

"ముందర కూర్చో అవ్వా, ఎనక గాలి కొడతాది" అన్నాడు డ్రైవరు.

"పెట్టెను ఒంటిగా ఇడిసిపెడితే యాడన్నా జారిపోతే? నేను ఈడనే" అని, మూత తీసి, దుప్పటి పరుచుకుని పెట్టెలోనే కూర్చుంది. నేను పక్కన మూటల మీద కూర్చున్నాను. సోమందేపల్లిలో టీ కోసం ఆగితే హోటలాయన గ్లాసులు పట్టుకొచ్చి, పెట్టెలోంచి తలెత్తిన అవ్వను చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏమవ్వా, తేరెక్కి వస్తాండావే!"

"చక్కెర తగ్గించినావా లేదా, అది చెప్పప్పా" అంది అవ్వ దర్జాగా.

అసలు కష్టం హిందూపురంలో మొదలైంది. పైకి పోయే మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి. నిలబెట్టి చూశారు, వాల్చి చూశారు. పెట్టె మలుపు దగ్గరే ఇరుక్కుంది. చివరికి కిందికి దించి మెట్ల పక్కన పెట్టారు. కింద ఉండే ఇంటి ఓనరమ్మ బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దావలో పెట్టినారే! నీళ్ల బిందె ఎట్ల తేవల్ల నేను?"

"నీ బిందె నేను తెస్తాలే గాని, చిలకలకు గీత పడకుండా చూడు తల్లీ" అంది అవ్వ.

నాకు భయమే వేసింది. కానీ అవ్వ రోజూ పొద్దున్నే దిగిపోయి పెట్టె తుడిచేది. ఓనరమ్మ మొదట కిటికీలోంచి చూసేది, తర్వాత గడపలోంచి. ఇంకొన్నాళ్లకు నేను బడికి పోతూ చూస్తే, ఇద్దరూ పెట్టె మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

వరలక్ష్మీ వ్రతం రోజు తెల్లవారగానే ఓనరమ్మ కంగారుగా పైకొచ్చింది. కలశం పెట్టే బల్లకు చెదలు పట్టి కాలు విరిగిందట.

"అవ్వా, ఒక మాట అడగల్ల."

"అడుగు. పెట్టెను ఆడ్నుంచి తీయమంటే మాత్రం తీసేది లేదు."

"తీయమనే వచ్చినా. మా పూజ గదిలోకి!"

అవ్వ అప్పుడే కొంగు దోపుకుంది. కింది ఇంటి పాతకాలపు తలుపుల్లోంచి పెట్టె ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. దాని మీద ధర్మవరం పట్టుచీర పరిచారు. చిలుకలు మాత్రం మరుగు కాకూడదని అవ్వ పట్టుబట్టింది. సాయంత్రం తాంబూలానికి వచ్చిన ఆడవాళ్లంతా అమ్మవారికి దండం పెట్టి, వెంటనే వంగి చిలుకలను తడిమి చూశారు. ఎవరు చేశారని అడిగితే అవ్వ ఒకరికి చిలమత్తూరు వడ్రంగి అంది, ఇంకొకరికి మైసూరు నుంచి వచ్చిన పనివాళ్లు అంది.

"ఏది నిజం అవ్వా?" అని చెవిలో అడిగాను.

"నాకేం తెలుసు? అడిగినోళ్లకు ఏదో ఒకటి చెప్పల్ల కదా!"

పండగ అయిపోయినా పెట్టె మళ్లీ మెట్ల దగ్గరికి రాలేదు. అవ్వ చీరల పక్కన ఓనరమ్మ చీరలు చేరాయి. ఇప్పుడు వాళ్లిద్దరికీ ఒకటే తగాదా. వేపాకు వెయ్యాలని అవ్వ, కలరా ఉండలు వెయ్యాలని ఓనరమ్మ.

మొన్న నేను వేరే వీధిలో కింది అంతస్తు ఇల్లు ఒకటి చూసొచ్చాను. వాకిలి వెడల్పు టేపుతో కొలిచి మరీ వచ్చాను. పెట్టె హాయిగా పడుతుందని అవ్వకు సంతోషంగా చెప్పాను.

అవ్వ మాత్రం, "పెట్టె పడతాది సరే. ఆడ నాతో కొట్లాడేకి ఎవురుండారు?" అంది.

ఆ ఇంటాయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఈ పొద్దు ఆదివారం. కింద వరండాలో చీరలన్నీ ఎండకు ఆరేశారు. ఏ చీర ఎవరిదో తేల్చుకోలేక ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు.