మేనత్తను బతికించిన చదువు

మొన్న పొద్దున చేతిలో ట్యాబు పట్టుకుని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల భార్యలకు సాయంత్రం పూట నడిపిన అక్షరాల బడి వల్ల వాళ్ల బతుకుల్లో ఏం మారిందో తెలుసుకుంటున్నారట. నా భార్య ఏం చెప్పినా ఆ పిల్ల గొప్ప మాట విన్నట్టు తల ఊపుతుంటే, నేను గడపలో నిలబడి రెండుసార్లు దగ్గాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"నన్నేం అడగవా బిడ్డా?"

"నువ్వు ఆ బడికి పోలేదు గద తాతా, నీతోని పని లేదు."

నా ఈడు వాళ్లు నవ్వుకున్నా సరే, ఆ బడి మీద నా కుళ్లు ఈనాటిది కాదు. ఆరో తరగతిలోనే చదువుకు దండం పెట్టినవాణ్ణయినా, అప్పట్లో నా భార్యకు అక్షరం రాదు కాబట్టి మా ఇంట్లో పండితుణ్ణి నేనే. ఫస్టు షిఫ్టు దిగి, మసి కడుక్కుని, అన్నం తిన్నాక వారపత్రికలో సీరియల్ పైకి చదివేవాణ్ణి, ఆమె చాటలో బియ్యం ఏరుతూ వినేది. కథ చప్పగా ఉంటే నేనే కాస్త ఉప్పూకారం చల్లేవాణ్ణి. బియ్యంలో ఆమె చేయి ఆగిపోతే చాలు, ఆనాటి డ్యూటీ అలసటంతా దిగిపోయేది. ఆ ఊపులోనే ఒక వారం, సీరియల్లో మా అత్తగారి పోలికలున్న గయ్యాళి మేనత్తను పాము చేత కరిపించి చంపేశాను.

అంతలో ఆ బడి వచ్చింది. ఇక ఇంట్లో పొద్దస్తమానం, బసంత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ముచ్చటే. సవతి పోరు ఎట్లా ఉంటుందో మగపుట్టుక పుట్టిన నాకు అప్పుడు తెలిసింది. కొన్నాళ్లకు ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి, ఆమె గడపలో కూర్చుని, పత్రిక మీద వేలు జరుపుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు పాము కరిపిచ్చి సంపిన మేనత్త, పెండ్లికి చీరెలు కొంటున్నదేంది?"

"దవాఖానల బాగై వచ్చిందేమో."

కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కానీ ఆ తర్వాత పత్రిక ముందు ఆమెకే. చదువుతూ తనలో తాను నవ్వుకునేది, ఏందని అడిగితే, "చదువుకో, నీకు వస్తది గద" అనేది. ఆ నవ్వు మీద నాకున్నంత కుళ్లు పక్క క్వార్టరాయన ప్రమోషన్ మీద కూడా లేదు.

మొన్న ఆ పిల్ల చదువుతో ఏం మారిందని అడిగితే, బస్సు బోర్డు, బ్యాంకు, మందు చీటీ అంటూ ఆమె వరసగా చెప్పుకుపోయింది. మేనత్త మాట వస్తుందేమోనని చెవులు రిక్కించాను, రాలేదు.

ఆ పిల్ల వెళ్లాక, పేపరు తీసుకుని ఆమె పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని ఒక వార్త పైకి చదవడం మొదలుపెట్టాను.

"పొద్దుగాలనే చదివిన" అంది, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ వారపత్రిక ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఇద్దరికీ చెరో ఫోను, ఎవరి నవ్వు వాళ్లదే. ఇన్నాళ్లూ టీచరమ్మ మీద కుళ్లుకున్నాను గానీ, ఇప్పుడు నా కుళ్లంతా ఫస్టు షిఫ్టు దిగి వచ్చి సీరియల్ చదివిన ఆ పడుచువాడి మీదే. మళ్లీ ఏ పామునైనా తెద్దామంటే, బియ్యం కూడా శుభ్రం చేసినవే సంచుల్లో వస్తున్నాయి, ఆగడానికి చాటలో చేయి లేదు.