ఒడి నింపడానికి గోకుంద పోయిన రోజు

పసుపు పట్టించిన బియ్యం వాసన నాకు పడదు. మొన్న పక్కింటావిడ, కూతురికి ఒడిబియ్యం పోస్తున్నాం, కాస్త చెయ్యి సాయం పట్టమని పిలిచింది. నాందేడ్‌లో మా గల్లీలో సగం తెలుగు ఇళ్ళే కాబట్టి ఇలాంటి పిలుపులు తప్పవు. పెద్ద తాంబాళంలో బియ్యం, పసుపు, నూనె వేసి కలుపుతుంటే ఆ పచ్చివాసన ముక్కుకు తగిలింది. చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా ఇంటికొచ్చేశాను. వాళ్ళేమనుకున్నారో ఏమో, అనుకోనీ. పెళ్ళయిన ఆడపిల్ల కొంగులో పుట్టింటివాళ్ళు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ పోసి చల్లగా ఉండమని దీవించే ముచ్చటైన వేడుక అది. దాని మీద నాకెందుకింత కోపమో చెప్పాలంటే ఒక జీపు ప్రయాణం సంగతి చెప్పాలి. ఆ రోజు మేము నా చెల్లెలిని ఇచ్చి వచ్చాం. జీపులో ఉన్న పెద్దవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నాకే తెలియదు.

అప్పుడు మేము కుండల్‌వాడిలో ఉండేవాళ్ళం. బాపు అడతి దుకాణంలో బస్తాలు మోసేవాడు. అవ్వ, మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అనే అంటాం, కలుపుకూ పత్తి ఏరడానికీ కూలికి పోయేది. నాకు ఎనిమిదేళ్ళు, చెల్లెలు రేణకు మూడు నిండలేదు. అవ్వ పొద్దున్నే పోయి పొద్దుగూకాక వచ్చేది కాబట్టి రేణ నా చంకలోనే పెరిగింది. దాని ముక్కు తుడవడం, జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి తినిపించడం, గచ్చకాయలాటలో నా వంతు వచ్చినప్పుడు దాన్ని ఒక కాలి మీద కూర్చోబెట్టుకుని రెండో కాలి పక్కన కాయలెగరేయడం, అన్నీ నాకు అలవాటు. వీపు నొప్పెట్టి ఒక్కోసారి గిల్లేదాన్ని కూడా. ఏడ్చి, మళ్ళీ నా మెడకే చుట్టుకునేది మొద్దు పిల్ల.

బాపు చెల్లెలిని గోకుందలో ఇచ్చారు, కిన్వట్‌ను ఆనుకునే ఉంటుంది ఆ ఊరు. పెళ్ళయి పదేళ్ళయినా అత్తకు ఒక్క బిడ్డా నిలవలేదు. ఆమె అత్తగారు ఇంకో కోడలిని తెస్తానని మాటలు మొదలుపెట్టిందట. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. అప్పటికి నాకు తెలిసిన అత్త అంటే డబ్బా నిండా బూందీ లడ్డూలు. శ్రావణంలో ఒక పొద్దున అవ్వ నా తల దువ్వుతూ, "అత్త ఒడి నింపనీకి పోతున్నం, లొల్లి చెయ్యకు" అంది. ఒడి నింపడమంటే బియ్యం పోయడమేగా! అవ్వ మూట కట్టింది కూడా పసుపు బియ్యమే. ఇంకేముంది, ఎగిరి గంతేశాను.

మామ పంపిన జీపు వచ్చింది. ఎప్పుడూ పదిహేను మంది మధ్య ఇరుక్కుని వేలాడుతూ పోయే మాకు జీపంతా మాకే అంటే పట్టాభిషేకమే. నేను రేణను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ధర్మాబాద్ దాటేదాకా కళ్ళు చిట్లించుకునేంత ఎండ. భోకర్ దాటగానే మబ్బు కమ్మి, ఈదురుగాలికి జీపు మీద కప్పిన తాడిపత్రి గుడ్డ టపటపా కొట్టుకుంది. హిమాయత్‌నగర్ అవతల గుట్టలు మొదలయ్యాయి. అక్కడి నుంచి దారి ఎక్కుతూ, దిగుతూ, మెలికలు తిరుగుతూ పోతుంటే ఇటు చూస్తే టేకుచెట్లు తెల్లటి పూతతో, అటు చూస్తే లోయలో మంచు తప్ప ఏమీ లేదు. ఒక మలుపులో వాన, ఇంకో మలుపులో ఎండ. తడిసిన రోడ్డు మీద ఆవిరి లేచేది. కొండముచ్చులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని తడుస్తూ కూర్చుంటే రేణ వాటికి చేతులూపి, చూడు చూడమని నా గడ్డం పట్టి తిప్పేది. తడి తాడిపత్రి వాసన, డీజిల్ వాసన, బాపు బీడీ వాసన, మధ్యలో మా కాళ్ళ దగ్గర మూటలోంచి ఆ పసుపు వాసన. నాకు వాంతి వస్తుందేమో అనిపించినా చెప్పలేదు. చెబితే కిటికీ దగ్గర నుంచి లేపేస్తారని భయం.

అవ్వ ఆ రోజు తిట్టలేదు. ఆ వింతను నేను గమనించాను కానీ ఎందుకని అడగలేదు. రేణ జుట్టు ఇంటి దగ్గర దువ్వింది, భోకర్‌లో చాయ్‌కు ఆగినప్పుడు దువ్వింది, గుట్ట మీద మళ్ళీ దువ్వింది. చాలురా బాబూ, అది జుట్టా జనుమా అని నేను నవ్వాను కూడా.

ఇస్లాపూర్ దాటాక ఒక వాగు. వంతెన లేదు, నేల మీద సిమెంటు పోసిన దారి, దాని మీదుగా ఎర్రటి నీళ్ళు దూకుతున్నాయి. డ్రైవర్ చాచా దిగి ఒక కర్ర గుచ్చి చూసి, "పానీ ఉతర్నే దో. నై తో వాపస్ చల్తే" అన్నాడు. నీళ్ళు తగ్గేదాకా ఆగుదాం, లేదంటే వెనక్కి పోదామని. అందరం దిగాం. అంతసేపు కురిసిన వాన అప్పుడే ఆగి, అడవంతా పళ్ళికిలించినట్టు ఎండ కాసింది. అవ్వ వాగు వైపు చూస్తూ నిలబడి ఉన్నట్టుండి అంది.

"మర్లి పోదమయ్యా. వాగే అడ్డమచ్చింది. నాకు మనసొప్పుతలేదు."

బాపు రాయి మీద కూర్చుని బీడీ వెలిగించి, సగం కాల్చి పడేశాడు. "నువ్వు అద్దంటె పోదం" అన్నాడు చివరికి.

ఇక్కడే, ఇదిగో ఇక్కడే నేను ఆ పని చేశాను. వెనక్కి పోవడమేంది? లడ్డూలు? ఈ గుట్టలు? రేపు బళ్ళో అందరికీ చెప్పుకోవాల్సిన గొప్పలు? బురదలో కూలబడి కాళ్ళు తన్నుకుంటూ "నేను ఇంటికి రాను, గోకుందకే పోవాలె" అని గొంతు చించుకున్నాను. నన్ను చూసి రేణ కూడా నా పక్కనే కూలబడి "పోవాలె, పోవాలె" అంది నవ్వుతూ.

బాపు లేచాడు. "పోరగాళ్ళే అంటున్నరు గదనే. వాళ్ళ నోట్లకెల్లే అచ్చినంక ఇంకేంది" అన్నాడు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంటకు నీళ్ళు మోకాలి కిందికి దిగాయి. జీపు వాగు దాటుతుంటే నేను చప్పట్లు కొట్టాను.

గోకుందలో అత్త తలంటుకుని కొత్తచీర కట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. ఇంటి నిండా మనుషులు. అవ్వ ఆమె కొంగులో దోసిళ్ళతో బియ్యం పోసింది, కుడుకలు పెట్టింది. తరవాత బియ్యమంతా పక్కకు తీసి, కొంగు దులిపి, మళ్ళీ పరిచారు. అవ్వ నా దిక్కు చూసింది.

"గంగామణీ, చెల్లెను అత్త ఒడిల కూసోబెట్టు బిడ్డ. నాతోటి గాదు."

అదీ ఒక ముచ్చటేననుకున్నాను. రేణను ఎత్తి కూర్చోబెట్టాను. అత్త దాన్ని గట్టిగా పట్టుకుని ఎంత ఏడ్చిందంటే నేను భయపడి రెండడుగులు వెనక్కి వేశాను. మధ్యాహ్నం రేణ రెండు చేతులా లడ్డూలు పట్టుకుని పెరట్లో కోడిపిల్లల వెంట పడుతుంటే మమ్మల్ని జీపెక్కించారు. చెల్లె రాలేదు, చెల్లె రాలేదు అని నేను అరుస్తూనే ఉన్నాను.

గుట్టలెక్కాక అవ్వ చెప్పింది, నా దిక్కు చూడకుండా. "ఇగ అది అత్త బిడ్డ. నీకు మరదలు అయితది. నిన్ను వదినె అంటది. నువ్వు గూడ చెల్లె అనకు, అత్త మనసు నొస్తది." దారంతా మంచు కమ్మి పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. నా ఒళ్ళో బరువు లేక కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరుసటి ఏడు పోతే రేణ గుమ్మంలో నిలబడి అవ్వను "అత్తా" అని పిలిచింది. ఎవరు నేర్పారో, ఎంత ముద్దుగా నేర్పారో! అవ్వ నవ్వి, దాని బుగ్గలు పుణికి, నీళ్ళ కోసమని బావి దగ్గరికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు. అత్త కాపురం నిలబడింది. రేణను ఆమె నేల మీద నడవనియ్యలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. నేను మాత్రం ఏళ్ళ తరబడి అవ్వతో ముభావంగా ఉండేదాన్ని, పిల్లనిచ్చుకున్న తల్లివి అని ఒకసారి మొహం మీదే అన్నాను. వాగు దగ్గర నేను చేసిన గోల ఆమె నాకు తిరిగి గుర్తు చేయలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. అవ్వ పోయాక గానీ అది నాకు పూర్తిగా తెలిసిరాలేదు. ఆమె వెనక్కి పోదామంది, నేను పోనివ్వలేదు.

ఈ శ్రావణానికి ముందు అత్త కూడా పోయింది. పదో రోజుకని గోకుంద బయలుదేరాను. ఇప్పుడు అంతా నున్నటి వెడల్పు రోడ్డు, గుట్టలను కోసి మలుపులు తీసేశారు. టేకు పలచబడింది, కొండముచ్చులు చిప్స్ సంచుల కోసం రోడ్డు పక్కన కూర్చున్నాయి. వాగు మీద ఎత్తయిన వంతెన వచ్చింది. ఎక్కడ బురదలో కూలబడ్డానో చూద్దామని తల తిప్పేలోపు కారు దాటేసింది. ఆపమని చెప్పలేదు, డ్రైవర్‌కు ఏమని చెప్పను?

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోతుంటే వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. రేణ గిన్నెలు సర్దుతోంది. దానికి అంతా తెలుసు, చిన్నప్పుడే ఎవరో చెప్పేశారు. మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అంతే. ఆగలేకపోయాను.

"రేణా, ఇగ అద్దననీకి ఎవ్వలు లేరు. ఒక్కసారి అక్కా అనరాదే."

చేతిలో గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. చీర చెంగుతో మూతి తుడుచుకుని మళ్ళీ తెరిచింది. నవ్వబోయింది, కళ్ళు నిండిపోయాయి. నా చేతులు రెండూ పట్టుకుంది.

"నోరు తిరుగుతలేదు వదినె" అంది.