ఇది బోర్డు కాదు కాకా

జనరల్ మెడిసిన్‌లో నేను రెండుసార్లు స్పెషలిస్టునయ్యాను. ఒకసారి చలిదేశంలో, ఒకసారి ఇక్కడ. మొదటిది లెక్కలోకి రాదన్నారు. మంచులో కాళ్ళు గడ్డకట్టేలా తిరిగి, పరాయి భాషలో రోగుల గోడు విని సంపాదించుకున్న డిగ్రీని టేబుల్ మీద పక్కకు నెట్టేసి, మళ్ళీ మొదలుపెట్టమన్నారు. సరే, పెడతాను, మీకు భయపడి మాత్రం కాదనుకున్నాను. విదేశాల్లో చదివినవాళ్ళకు పెట్టే పరీక్ష రాశాను. ఆ తర్వాత నాకంటే చిన్నవాళ్ళ కింద జూనియర్‌గా చేరి వార్డుల్లో కాళ్ళరిగేలా తిరిగాను. వాళ్ళు మమ్మల్ని ‘ఫారిన్ బ్యాచ్’ అనేవారు. ఆ మాటలో వెటకారం నాకు తెలుసు. అందుకే వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని కాదు.

చివరి మెట్టు ప్రాక్టికల్. అందులో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఎగ్జామినర్లు రోగి గురించి అడగకముందే నేను ఎక్కడ చదివానని అడిగారు. జవాబు విన్నాక ఇక నా మాట వినలేదు. నేను ఏడవలేదు, ఒళ్ళు మండింది. మూడోసారి కూడా పోతే రాతపరీక్షతో సహా మళ్ళీ మొదటికొస్తాను. మా నాన్న గోదావరిఖనిలో బాయి దిగి బొగ్గు ఎత్తినవాడు. గనిని మా వైపు బాయి అనే అంటాం. ‘ఇంకోసారి దిగు బిడ్డా’ అన్నాడు, అంతే.

ఆ మూడోసారి సెంటరు మా బొగ్గు ఊళ్ళ వైపే ఒక ఆసుపత్రిలో పడింది. పద్ధతి ఇదీ: ఒక రోగిని అప్పజెప్తారు. అతనితో మాట్లాడి, పరీక్ష చేసి, జబ్బేమిటో, ఎందుకనుకుంటున్నామో ఎగ్జామినర్ల ముందు చెప్పాలి. నాకు వచ్చినాయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ బాయి కార్మికుడు. నన్ను చూడగానే మంచం ఊగేలా దగ్గాడు. తలుపు దాకా నడవలేనన్నాడు. స్నానం కూడా భార్యే చేయిస్తుందన్నాడు. అన్నం ముద్ద మింగాలన్నా ఆయాసమేనట.

స్టెత్ పెట్టి విన్నాను. ఊపిరితిత్తుల అడుగున కొంచెం పిల్లికూత ఉంది, నిజమే. కానీ ఆక్సిజన్ బాగుంది. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిక్కలు రాయిలా గట్టిగా ఉన్నాయి. మంచం దిగలేని మనిషికి అలాంటి పిక్కలు ఉండవు. ఆయన చెప్పేదొకటి, ఒళ్ళు చెప్పేదొకటి. ఈ కథ ఇలాగే తీసుకెళ్ళి చెబితే నన్ను చీల్చి చెండాడతారు.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగాడు. “మేడం, బోర్డు సార్లు అందరు వచ్చిండ్రా?”

ఓరి దేవుడా అనుకున్నాను. మా దగ్గర పని చెయ్యలేని కార్మికుణ్ణి కంపెనీ మెడికల్ బోర్డు చూస్తుంది. అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. అందుకని బోర్డు ముందుకు వెళ్ళేవాళ్ళు ఉన్న దగ్గుకు ఇంకొంత కలిపి దగ్గుతారు. మా గల్లీలో మగవాళ్ళు కుంటడం ప్రాక్టీసు చేస్తుంటే చూస్తూ పెరిగినదాన్ని నేను. దాన్ని మోసమని ఎవరైనా అంటే నాకు మండుతుంది. ఆ దుమ్ము పీల్చి చూడమనండి ముందు. ఈయనకు కూడా త్వరలోనే బోర్డు ఉందట. ఇక్కడేమో తెల్లకోట్లు, వరసగా కుర్చీలు. సార్లు వస్తారు, అడిగింది చెప్పు అని మాత్రమే ఎవరో అన్నారట. బోర్డే వార్డుకు వచ్చిందనుకున్నాడు.

స్టూలు దగ్గరకు జరుపుకున్నాను. “కాకా, ఇది బోర్డు కాదు. ఇది నాకు పరీక్ష. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తెనే నేను పాసయిత.”

నన్ను ఎగాదిగా చూశాడు. ఎవరి బిడ్డవని అడిగాడు. నాన్న ఏ బాయిలో చేశాడో చెప్పాను. అప్పుడు నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. చలికాలం దగ్గు ఏళ్ళ నుంచీ ఉంది. ఎత్తు ఎక్కితే మధ్యలో ఒకసారి ఆగుతాడు. మొన్నటిదాకా డ్యూటీకి వెళ్ళాడు. ఇప్పుడు మాటకూ ఒంటికీ పొత్తు కుదిరింది.

ఎగ్జామినర్లు వచ్చారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు. “పొద్దున ఈయన మంచం కూడా దిగలేనని నాతో చెప్పాడు. మీరేమో ఎత్తులు ఎక్కుతాడంటున్నారు. ఎక్కడ చదివారమ్మా మీరు?”

చెప్పాను. పక్కాయన వైపు తిరిగి నవ్వాడు. అదీ సంగతి అన్నట్టు తల ఊపాడు.

పొద్దున ఆ మనిషి ఎందుకు అలా చెప్పాడో ఒక్క ముక్క అంటే చాలు, నేను గట్టెక్కుతాను. కానీ వార్డులో అందరూ వింటున్నారు. ఆ మాట బయటికి పోతే రేపు అసలు బోర్డులో ఆయన పని ఖతం. నా నోటితో చెప్పదలచుకోలేదు. ఆ నవ్వును కూడా ఊరికే వదలదలచుకోలేదు.

“నేను ఎక్కడ చదివానన్నది ఈయన జబ్బు కాదు సార్. ఈయన ఛాతీలో ఉన్నది చెప్పాను. మీరూ విని చూడండి. నేను మాట మార్చను.”

ఆయన మొహం మాడిపోయింది. రోగినే అడుగుదామన్నాడు. కాకా ఒక్కసారి దగ్గితే చాలు, నా పని అయిపోతుంది.

మంచం దిగగలవా అని అడిగాడు పెద్దాయన. కాకా కుర్చీల వైపు చూశాడు. నా వైపు చూశాడు. దుప్పటి తీసి పక్కన పడేసి దిగాడు. వార్డు ఆ చివరి దాకా నడిచి వెనక్కి వచ్చాడు. దగ్గలేదు. “పిల్ల చెప్పింది నిజం సారు. పొద్దుగాల నేనే అబద్ధమాడిన. రాసుకుంటె రాసుకోండ్రి.”

పెద్దాయన స్టెత్ తీసి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. అన్నిటికీ కళ్ళలోకి చూస్తూ జవాబు చెప్పాను. ఫలితం తర్వాత వచ్చింది, పాసయ్యాను.

ఆ రోజు బయటికొస్తుంటే కాకా వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు పట్టుకున్నాను. ఇది బోర్డు కాదని చెప్పాను కదా, రాసుకోండని ఎందుకన్నావని అడిగాను.

“నమ్మలే బిడ్డా. నాకు ఇప్పటికి గూడ బోర్డనే అనిపిస్తున్నది.”

ఇంట్లో కొడుకు ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడని పొద్దున మంచం దగ్గర ఆయనే నాకు చెప్పాడు. మరెందుకు నడిచావు కాకా అన్నాను.

“వాళ్ళు నిన్ను గట్ల అంటుంటె, పండుకోని ఎట్ల చూస్త?”