మా అత్తగారూ, పెట్రోల్ కాకూ

మా అత్తగారు రిటైరైన నర్సు. ఉద్యోగం మానేసింది గానీ డ్యూటీ దిగలేదు. ఈ దీవిలో గరాచర్మ అనే ఊళ్లో మేముండే ఇల్లు ఆవిడదే, నేను ఇల్లరికం అల్లుణ్ని. ఆ మాట నా ఎదురుగా ఎవరూ అనరు, నేను గది దాటేదాకా ఆగుతారు. వీధిలో వాళ్లంతా ఆవిడని సిస్టర్ అంటారు. జ్వరమొచ్చినా, మిక్సీ పాడైనా ఆవిడ దగ్గరికే వస్తారు.

కరెంటు పోతే ఫ్రిజ్‌లో చేపలు పాడవుతున్నాయని ఆవిడే ఒక చిన్న పెట్రోల్ జనరేటర్ కొని, పెరట్లో రేకు కింద పెట్టించింది. ఏడాది తిరక్కుండా ఉప్పు గాలికి ట్యాంకు కింద పెట్రోలుని ఆపే కాక్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇంజిన్ ఆపినా పెట్రోలు దిగుతూనే ఉండేది. కార్బురేటర్ నిండిపోయి, పొంగి, నేలమీద చుక్కలు పడేవి. వంటింటి కిటికీలోంచి ఒకటే వాసన. పులుసు కూడా పెట్రోలు కొడుతోందని మామగారంటే, నోటికి రుచి తెలుస్తోందంటే ఆరోగ్యం బాగున్నట్టేనని ఆవిడ తేల్చేసింది.

రోడ్డు చివరి బెంగాలీ మెకానిక్‌ని పిలిపించాం. అసలు పార్టు చెన్నై నుంచి షిప్‌లో రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. ఈలోగా పెట్రోలు పైపుని మధ్యలో కోసి, అక్కడ చిన్న కాక్ ఒకటి బిగించుకోమన్నాడు. పైన తెరిచే ఉన్నా ఇక్కడ ఆపేసుకోవచ్చు.

"బస్, ఇత్నా హీ సిస్టర్," అని టీ తాగి వెళ్లిపోయాడు.

ఇత్నా హీ, అంటే ఇంతే, అన్న మాట మా అత్తగారికి చాలు. బీరువాలోంచి సెలైన్ ఎక్కించే పైపు ఒకటి తీసింది. చుక్కలు పెంచడానికీ తగ్గించడానికీ వేలితో తిప్పే చిన్న చక్రం దానికి ఉంటుంది కదా, అదే మన కాక్ అంది. పెట్రోలూ సెలైనూ ఒకటి కాదేమోనని నేను నసిగాను.

"మనిషి ఒంట్లోకి మందు పంపిన పైపు అల్లుడుగారూ, ఈ డబ్బాలోకి పెట్రోలు పంపలేదా?" అంది.

నేను బి.ఏ. చదివాను. ఆవిడ చెప్పినట్టే దాన్ని బిగించాను.

మొదట్లో ఒక్క చుక్క కారలేదు. పక్కింటి వాళ్లని పిలిచి మరీ చూపించింది. కొన్నాళ్లకి ఆ పైపు పచ్చబడి, పుల్లలా గట్టిపడిపోయింది. చక్రం తిరుగుతోంది గానీ పైపుని నొక్కడం లేదు. ఆ సంగతి కనిపెట్టింది మామగారు. ఆయన సిగరెట్లు మానేశారని ఇంట్లో అందరం నమ్ముతున్న రోజులవి. ఒక పొద్దున్న వెలిగించిన సిగరెట్టుతో రేకు వెనక్కి వెళ్లి, కాళ్ల దగ్గర పెట్రోలు మడుగు చూసి, సిగరెట్టుని గోడ అవతలికి విసిరేసి ఇంట్లోకి పరుగెత్తుకొచ్చారు. జనరేటర్ కారుతోందని చెప్పారు. అంత పొద్దున్నే అక్కడేం పని అని అత్తగారు అడిగింది. గాలికి వెళ్లానన్నారు. ఆవిడ దగ్గరికెళ్లి ఆయన చొక్కా వాసన చూసింది. తర్వాత జరిగింది భార్యాభర్తల విషయం. నేను పెరట్లోకి పోయి ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి వంచేసి, మడుగు మీద ఇసక పోశాను.

మర్నాడు అత్తగారూ నేనూ బస్సెక్కి టౌనుకి వెళ్లాం. సెలైన్ పైపు ప్రస్తావన తేకూడదని నాకు చెప్పకనే తెలుసు. ఆవిడ జనరేటర్ అసలు పైపులోంచి ఒక ముక్క కోసి, కాగితంలో చుట్టి, రక్తపరీక్షకి పట్టుకెళ్తున్నట్టు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

హార్డ్‌వేర్ షాపాయన శ్రీకాకుళం వైపు వాళ్లు. ఆయన పుట్టింది మాత్రం ఇక్కడే. కాక్‌లన్నీ తెచ్చి బల్లమీద పోశాడు. మొదట చూపించింది నీళ్ల పైపుకి వాడేది. లోపలి రబ్బరు పెట్రోలుకి ఆగుతుందా అని ఆవిడ అడిగితే, ఉబ్బుతుందని ఒప్పేసుకున్నాడు. ఎర్ర పిడి ఉన్న ప్లాస్టిక్‌ది నాకు నచ్చింది. ఫోన్లో ఏదో వీడియోలో అలాంటిదే చూశాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి దాన్ని కింద పెట్టేశాను. ధగధగా మెరుస్తున్నది ఇంకోటుంది. ఇనుము మీద పూత, మన గాలికి ఆర్నెల్లు ఆగితే గొప్పే అని ఆయనే అన్నాడు. మిగిలినవి ఇత్తడివి. ఒకదాని మూతి మా పైపు కన్నా లావు. వేణ్నీళ్లలో పైపుని మెత్తబరిచి తోసేస్తే దూరిపోతుందన్నాడు.

"లావు సూది సన్న నరంలో తోస్తే ఏమవుతుందో నాకు తెలుసు బాబూ," అని ఆవిడ ముక్కతో కొలిచి సరిపోయినదాన్నే తీసుకుంది.

అంతటితో అయిపోలేదు. దాన్ని మూసి, స్పిరిట్ దూదితో తుడిచి, నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదింది. షాపులో బేరాలాగిపోయాయి. సన్నగా గాలి పోయింది. అలాంటిదే ఇంకోటి ఇమ్మంది. అది ఆగింది. నమ్మకం కోసం నా చేత కూడా ఊదించింది. అప్పటికి ఎవరో ఫోన్ తీశారు. ఆఖర్న కళ్లు మూసుకుని పిడిని వేలితో తడిమింది. పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

"కరెంటు పోయాకే కదా దీంతో పని. చీకట్లో చేతికి తెలియాలి," అంది.

ఆ మాటకి షాపాయన కూడా తలూపాడు.

ఇంటికొచ్చాక సైలెన్సర్ వేడి తగలని చోట నేను బిగించాను, రెండు చివర్లా క్లిప్పులేసి. ఆవిడ టార్చి పట్టుకుని తప్పులు పట్టి, చివర్న పిడిని తనే తిప్పి చూసుకుంది. చుక్క కారలేదు. తర్వాతి సాయంత్రమే కరెంటు పోయింది. తాడు లాగాను, ఇంజిన్ ఉలకలేదు. భుజం పడిపోయేదాకా లాగి మామగారికిచ్చాను. ఆయనా లాగి కూలబడ్డారు. అత్తగారొచ్చి పిడి తడిమింది. అడ్డంగా ఉంది. దాన్ని తిప్పి, నా వైపు సైగ చేసింది. మళ్లీ లాగితే ఇంజిన్ అందుకుంది. ముందురోజు దాన్ని మూసిందెవరని ఎవరూ అడగలేదు, జవాబు అందరికీ తెలుసు.

ఈ వానాకాలం ముందు మా ఆవిడ ఎవర్నీ అడక్కుండా ఇన్వర్టర్ తెచ్చేసింది. ఫ్రిజ్ ఇప్పుడు దాని మీదే నడుస్తోంది. జనరేటర్ మీద టార్పాలిన్ కప్పాం. అయినా ప్రతి ఆదివారం దాన్ని కాసేపు నడపాలని అత్తగారి ఆర్డరు. ఎందుకత్తయ్యా అంటే, పడకేస్తే పుళ్లు పడతాయంది. ఆ డ్యూటీ నాకు పడింది. టిఫిన్ అయ్యాక వెళ్లి స్టార్ట్ చేసి పక్కన నించుంటాను. లోపల్నుంచి ఆవిడ చాలంటే కాక్ మూస్తాను. పైపులో మిగిలిన పెట్రోలు తాగి ఇంజిన్ కాసేపు దగ్గి ఆగిపోతుంది. టార్పాలిన్ కప్పేసి చేతులు కడుక్కుని వస్తాను.