కూర్చుని తినే రౌటరు

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. ఇంటర్నెట్ పోతే దేవుడికి దణ్ణం పెట్టుకోవడం తప్ప ఇంకో దారి ఉందని ఎవరికీ తెలియదు, నాకు తప్ప (అని నేను అనుకునేవాణ్ణి). రామచంద్రపురం దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగం నాది. ఇక ధైర్యమంటారా, బల్ల మీద ఫోన్ మోగినా ఉలిక్కిపడే రకాన్ని. ఆ భయంతోనే ఓ ప్లాను వేశాను: రెండు రౌటర్లు (కాలేజీ అంతటికీ ఇంటర్నెట్ పంచే పెట్టెలు), రెండింటికీ కలిపి ఒకటే అడ్రసు. ల్యాబులో కంప్యూటర్లకి ఆ అడ్రసే తెలుసు, దాని వెనక ఏ పెట్టె ఉందో తెలియదు. మొదటిది మూగబోతే రెండోది అదే పేరు మీద పని అందుకుంటుంది.

ఇది మా కాలేజీ సెక్రటరీ గారికి (మండపేటలో రైసు మిల్లు ఆయనది) చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. "మరి మొదటిది పోయేదాకా రెండోది ఏం చేస్తుందయ్యా?" అన్నారు. "కనిపెట్టుకుని ఉంటుందండి." "అంటే కూర్చుని తింటుందన్నమాట!" అన్నారు. అయినా కొనిపెట్టారు, పాపం.

కొన్నాళ్ళకి హైదరాబాద్ కంపెనీ ఒకటి మా ఫైనలియర్ పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. పాసైతే ఉద్యోగం. మధ్యలో నెట్ తెగితే వాళ్ళ నోట్లో మట్టి, నా ఉద్యోగం గోదాట్లో. పొద్దుట్నుంచి నాకు ఇడ్లీ ముక్క కూడా దిగలేదు. పరీక్ష సగంలో ఉండగా మొదటి రౌటరు లైట్లు టపీమని ఆరిపోయాయి. 'రెండోది ఉందిగా' అనుకుంటూ దాని వంక చూద్దును కదా, అదీ చీకటే! ల్యాబులోంచి "సార్, ఆగిపోయిందండీ!" అని ఒకటే కేకలు. పరీక్ష చూడ్డానికొచ్చి నా వెనకే నిలబడ్డ సెక్రటరీ గారు తాపీగా, "అదా? పొద్దున్నే నేనే ఆపించాను. మా మిల్లులో రెండు మోటార్లనీ ఒకేసారి తిప్పం కదా, ఒకటి తిరుగుతుంటే ఇంకోదానికి రెస్టు" అన్నారు.

"ఓరి దేవుడోయ్! అది మెలకువగా ఉంటేనే కదండీ మొదటిది పోయిందని తెలిసేది!" అని అరిచేశాను (ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు). ఒక్క గెంతులో వెళ్ళి రెండోదాని స్విచ్చి వేశాను. అది నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్కో లైటూ వెలిగించుకునే లోపల నేను మొక్కని దేవుడు లేడు. పిఠాపురం వచ్చి గుండు చేయించుకుంటానని కూడా అనేశాను. చివరికి ల్యాబులోంచి "వచ్చింది సార్!" అని వినబడింది. పరీక్ష ఆగిన చోటునుంచే కదిలింది. నేను అక్కడే నేలమీద కూలబడ్డాను.

సెక్రటరీ గారు మీసం దువ్వుకుంటూ, "చూశావా, రెస్టిచ్చాం కాబట్టే అంత చురుగ్గా అందుకుంది" అన్నారు. "ఆయ్" అన్నాను, ఇంకేమంటాను? అంతటితో ఊరుకున్నారా? నన్ను ఎగాదిగా చూసి, "అది సరేగానీ అబ్బాయ్, రేపు నీకేమన్నా అయితే ఎవరు అందుకుంటారు?" అన్నారు. అనడమే కాదు, నాకు తోడుగా ఇంకో ఇంజనీరుని వేశారు.

నా గుండెల్లో రాయి పడింది. ప్రతి పెట్టెకీ జోడీ ఉండాలని ఊరంతా చాటినవాణ్ణి, నాకే జోడీ వచ్చేసరికి నిద్ర పట్టలేదు. ఆ వానాకాలం ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, స్వెట్టరు వేసుకుని మరీ డ్యూటీకి వెళ్ళాను, నేను రాకపోయినా కాలేజీ నడుస్తుందని అందరికీ తెలిసిపోతుందేమోనని. ఆ వణుకుతున్న పిచ్చి సన్నాసి ఇప్పుడు నాకు ఎదురైతే, దుప్పటి కప్పి, "పడుకోరా నాయనా, ఏమీ అయిపోదు" అందును.